బొబ్బట్టు చెవి మీద తామర

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ పిల్లిపిల్ల బొబ్బట్టు చెవి వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయని, పశువుల డాక్టరు చూసి తామర అన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటినుంచి మీ ఇద్దరూ సరిగా అన్నం తినడం లేదట. పక్క ఫ్లాట్ వాళ్లు దాన్ని తీసుకెళ్లి ఎక్కడైనా వదిలేయమన్నారని కూడా తెలిసింది. ఇది వారాల తరబడి సాగే పని కాబట్టి ఫోన్లో చెబితే సగం మరచిపోతారు. కాగితం మీద ఉంటే సందేహం వచ్చినప్పుడల్లా తీసి చదువుకోవచ్చని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తామర నయమవుతుంది. ముందు ఈ మాట నమ్మండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. వదిలేయమనే వాళ్లతో దెబ్బలాటకు దిగకండి, వాళ్ల భయం వాళ్లది. కానీ వదిలేస్తే జబ్బు తగ్గదు సరికదా, ఆ పిల్ల తిరిగే ప్రతి వీధిలోనూ పాకుతుంది. వాళ్లకు మెల్లిగా ఇదే చెప్పండి.

తామర తెచ్చేది ఒక ఫంగస్. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే రకాన్ని మైక్రోస్పోరం కానిస్ అంటారు. వెంట్రుకలు, గోళ్లు, చర్మం పైపొర దేనితో తయారవుతాయో ఆ కెరాటిన్ దానికి తిండి. అందుకే అది చర్మం మీద కన్నా వెంట్రుకలోనే ఎక్కువ కాపురం పెడుతుంది. పట్టిన వెంట్రుక పెళుసుబారి మధ్యకు విరిగిపోతుంది. మీకు బట్టతలలా కనిపిస్తున్న మచ్చ అలా వచ్చిందే. విరిగిన ప్రతి ముక్క మీదా కంటికి కనిపించనంత చిన్న బీజాలుంటాయి. ఆ ముక్క సోఫా మీద పడ్డా, పరుపు మీద పడ్డా ఆ బీజాలు నెలల తరబడి బతికి ఉండగలవు, ఒక్కోసారి ఏడాది దాటి కూడా. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను కింద చెప్పే పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. మచ్చ మీద ఆయింట్‌మెంట్ రాసి ఊరుకుంటే ఎందుకు తగ్గదో, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తుందో మీకే అర్థమవుతుంది.

డాక్టరు గది చీకటి చేసి ఊదారంగు దీపం పట్టారని, చెవి దగ్గర పచ్చగా మెరిసిందని పెద్దవాడు తెగ సంబరపడి చెప్పాడట. దాన్ని వుడ్స్ ల్యాంప్ అంటారు. రాబర్ట్ విలియమ్స్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త 1903లో, కంటికి కనిపించే వెలుగును ఆపి అతినీలలోహిత కిరణాలను మాత్రం వదిలే ఒక గాజును తయారుచేశాడు. 1925 నుంచి దాన్ని వెంట్రుకల్లోని ఫంగస్ పట్టుకోవడానికి వాడటం మొదలుపెట్టారు. మైక్రోస్పోరం పట్టిన వెంట్రుక ఆ వెలుగులో లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. అయితే అన్నిసార్లూ మెరవదు. దుమ్ము, కొన్ని రకాల మందులు కూడా వేరే రంగుల్లో మెరిసి కంటిని మోసం చేస్తాయి. అందుకే డాక్టరు నాలుగు వెంట్రుకలు పీకి ల్యాబ్‌కు పంపారు. దాన్ని కల్చర్ అంటారు. ఫంగస్ మెల్లిగా పెరుగుతుంది కాబట్టి ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఇంకా రాలేదని టెన్షన్ పడకండి.

వెంట్రుకలు ఊడిన ప్రతిదీ తామర కాదని కూడా తెలుసుకోండి. రేపు మీ స్నేహితుల పిల్లికి ఏదైనా వస్తే మీరే వైద్యం చెప్పేస్తారేమో! దూకే చిన్న నల్ల పురుగుల కాటు ఒంటికి సరిపడని పిల్లులకు నడుము వెనకభాగంలో పొక్కులు కడతాయి. దువ్వెనకు అంటిన నల్లటి రవ్వల్ని తడి దూది మీద వేస్తే ఎర్రగా కరిగితే ఆ పురుగులున్నట్టే, అది అవి తాగిన రక్తం. చెవుల అంచులు, ముఖం మందంగా బెరడు కట్టి విపరీతంగా గోక్కుంటుంటే అది గజ్జి. తామరలో దురద తరచు తక్కువగానే ఉంటుంది. ఈ మూడింటికీ మందులు వేరు వేరు, కాబట్టి చూసి చెప్పాల్సింది డాక్టరే.

ఇక మందు. నోటి ద్వారా చుక్కలుగా ఇచ్చే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు రాశారని మీ అమ్మ చెప్పింది. ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపి మళ్లీ ఇవ్వమంటారు. ఆపిన వారంలో కూడా మందు వెంట్రుకల్లో, చర్మంలో నిలిచి పనిచేస్తూనే ఉంటుంది. మీ నాన్న చుక్కల మందు కోసం తిరగడం ఎందుకని మనుషుల క్యాప్సూల్ విప్పి వేద్దామన్నాడట. వద్దని నా మాటగా చెప్పండి. ఆ క్యాప్సూల్‌లో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మూడు కిలోల పెద్ద పిల్లికే రోజుకు సుమారు 15 మిల్లీగ్రాములు చాలు. బొబ్బట్టు కిలో కూడా లేదు. అంత చిన్న ప్రాణానికి కంటి అంచనాతో మందు పోయకూడదు. బరువు చూసి డాక్టరు చెప్పిన కొలతే ఇవ్వాలి, ఏ పూటా మానకూడదు. తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇంట్లో ఉన్నవి పూద్దామని సలహాలు చాలా వస్తాయి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె, కిరసనాయిలు, ఫినాయిలు నీళ్లు, టీ ట్రీ ఆయిల్. ఇవేవీ పిల్లి ఒంటికి తగలనివ్వకండి. పిల్లి ఒంటిమీద ఏది రాసినా అది కాసేపట్లో నాలుకతో నాకేస్తుంది, అంటే అంతా కడుపులోకే. పైగా మన లివర్ విరిచేసి బయటకు పంపే కొన్ని పదార్థాలను పిల్లి లివర్ పంపలేదు. మీకు జ్వరమొస్తే అమ్మ వేసే పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల పురుగులకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు కూడా అంతే. ఈ రెండు పేర్లూ ఫ్రిజ్ మీద రాసి అతికించండి.

వారానికి రెండుసార్లు మందు షాంపూతో స్నానం చేయించమన్నారు కదా. పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. టబ్బు అడుగున పాత తువ్వాలు వేస్తే కాళ్లు జారవు, జారకపోతే సగం భయం పోతుంది. గోరువెచ్చని నీళ్లు, అదీ మెడ దాకానే. షాంపూ రాసి డబ్బా మీద చెప్పినంత సేపు, మామూలుగా పది నిమిషాలు, ఉంచాలి. ఆ పది నిమిషాలూ మీ పని. దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పండి. నాకనివ్వకండి. తరవాత బాగా కడిగి, తుడిచి, ఎండ తగిలే కిటికీ దగ్గర వదలండి. అయ్యాక ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. స్నానం తరవాత మంచిది దొరుకుతుందని అది చాలా త్వరగా నేర్చుకుంటుంది. పాలు మాత్రం వద్దు. పిల్లి అంటే పాలు అనుకుంటాం గానీ పెద్దవుతున్న కొద్దీ చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి.

అసలు పని ఇంటి దగ్గరుంది. మా పిల్లి కాటుకకు తామర వచ్చినప్పుడు నాకు ఎక్కువ శ్రమ అక్కడే పట్టింది, మందు వేయడంలో కాదు. చీపురుతో ఊడిస్తే విరిగిన వెంట్రుకలు గాల్లోకి లేచి మంచాల మీదా, పుస్తకాల మీదా పడతాయి. అందుకే తడిగుడ్డతో తుడవాలి, లేదా వాక్యూమ్ క్లీనర్ వాడాలి. సబ్బునీళ్లతో తుడిచి వెంట్రుకలు, దుమ్ము పోయాకే బ్లీచింగ్ నీళ్లు పనిచేస్తాయి. మురికి మీద పోస్తే వృథా. బ్లీచింగ్ పెద్దవాళ్లే కలపాలి, బాగా పలచగా చేసి, గాలి ఆడేలా కిటికీలు తీసి. దాన్ని ఫినాయిల్‌తో గానీ బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపకూడదు, ప్రమాదకరమైన గ్యాస్ వస్తుంది. నేల పూర్తిగా ఆరేదాకా బొబ్బట్టు ఆ గదిలోకి రాకూడదు. అది పడుకునే గుడ్డలు మీ బట్టలతో కలపకుండా విడిగా, రెండుసార్లు ఉతికి ఎండలో వేయండి. మందు కొనసాగినంత కాలం వారానికి రెండుసార్లయినా ఈ శుభ్రం జరగాలి. అమ్మ ఒక్కర్తే చేయకూడదు. నాన్నా, మీరూ వంతులు వేసుకోండి.

ఇల్లంతా రోజూ తుడవడం ఎవరి వల్లా కాదు కాబట్టి దాన్ని కొన్నాళ్లు ఒక్క గదిలో ఉంచడం మంచిది. సోఫాలూ తివాచీలూ లేని గది అయితే తుడవడం సులువు. మీరు దీనికే ఎక్కువ ఏడుస్తున్నారట. ఒక గదిలో ఉంచడమంటే ఒంటరిగా వదిలేయడం కాదు. పిల్లిపిల్లలు మనుషుల దగ్గర మచ్చిక అయ్యేది పుట్టిన మొదటి కొద్ది వారాల్లోనే. ఆ వయసులో ఎవరూ ముట్టుకోకుండా ఉంచితే పెద్దయ్యాక మనిషిని చూస్తే మంచం కిందకు పారిపోతుంది. కాబట్టి రోజూ వెళ్లండి, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. పొడుగు చేతుల పాత చొక్కా ఒకటి ఆ గది తలుపుకు తగిలించుకోండి. లోపలికి వెళ్లేటప్పుడు వేసుకుని, వచ్చేటప్పుడు విప్పి, చేతులు సబ్బుతో కడుక్కోండి. చెల్లిని మాత్రం దగ్గర కూర్చుని చూడనివ్వండి, ముఖానికి ముఖం ఆనించనివ్వకండి. చిన్నపిల్లలకూ, నావంటి వయసువాళ్లకూ ఇది త్వరగా అంటుకుంటుంది. అందుకే ఈ సెలవులకు నేను రావడం లేదు. నయమయ్యాక తప్పకుండా వస్తాను.

గదిలో పెట్టిన రోజునుంచి దాని అల్లరి రెట్టింపవుతుంది, చూస్తూ ఉండండి. పిల్లి వేటాడే జంతువు. తెల్లవారుజామునా, మునిమాపువేళా దానికి ఒంట్లో చురుకు ఎక్కువ. ఆ వేళకు ఎలుకా బల్లీ దొరక్కపోతే మీ కాలి బొటనవేలే ఎలుక. టేబుల్ మీద గ్లాసు తోస్తే అది కదులుతుంది, పడుతుంది, చప్పుడవుతుంది, మీరు పరుగెత్తుకొస్తారు. ఇంతకన్నా మంచి ఆట దానికింకేం కావాలి? అరిస్తే ఆట ఇంకా రక్తి కడుతుంది. కొడితే మీరంటే భయం పుడుతుంది గానీ అల్లరి తగ్గదు. దువ్వెన ముట్టించలేని, మందు వేయనివ్వని పిల్లి తయారవుతుంది. జబ్బులో ఉన్నప్పుడు మనకు కావలసింది దాని నమ్మకం.

కాటుకను వెనకగదిలో పెట్టినప్పుడు అది బియ్యం బస్తా మీద పడింది. గోళ్లతో పీకి పీకి ఒక మూల చిల్లు పెట్టింది, గదంతా బియ్యం. మీ తాతయ్య దాన్ని ఒక్క మాటా అనలేదు. ఖాళీ గోనెసంచిని చెక్కపలకకు చుట్టి, మేకులు కొట్టి, గోడకు ఆనించి నిలబెట్టారు. ఒళ్లు పూర్తిగా చాపి గీరుకునేంత ఎత్తు. బస్తాను ఎత్తి గంగాళంలో పెట్టాం. కాటుక అప్పటినుంచి ఆ పలకనే గీరేది. గోళ్ల పైపొర ఊడటానికి గీరుతుంది, పాదాల్లోని వాసన వదిలి ఇది నాది అని చెప్పడానికి గీరుతుంది. ఆ పని మాన్పించలేం, దానికి చోటు చూపించగలం. బొబ్బట్టుకూ అలాంటిది చేయించండి. జబ్బు తగ్గాక ఆ గోనె తీసేసి కొత్తది చుట్టాలి, పాతదాంట్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయి. అట్టపెట్టెలు ఇవ్వండి, మురికైతే పారేయచ్చు. పుల్లకు దారం కట్టి కాగితం ఉండ వేలాడదీసి పడుకునే ముందు బాగా పరుగెత్తించండి, అలిసిపోయాక తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్లు నాక్కుని నిద్రపోవడం దాని సహజమైన వరస. దారం మాత్రం మీరు లేనప్పుడు అక్కడ వదలకండి, మింగితే పేగులకు చుట్టుకుంటుంది.

ఆటలో గోళ్లు దిగినా, కొరికినా దాచిపెట్టకండి. మీ పిల్ల వీధిలో దొరికినది. గాయాన్ని వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అమ్మకు చెప్పి, ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ విషయంలో ఎవరి ధైర్యమూ పనికిరాదు. బొబ్బట్టుకు టీకాలు ఎప్పుడు వేయాలో కూడా డాక్టరును అడగమనండి.

మొత్తం మీద తామర నయం కావడానికి తరచు ఆరు నుంచి పది వారాలు పడుతుంది. మూడో వారానికో నాలుగో వారానికో చెవి మీద కొత్త వెంట్రుకలు మెత్తగా మొలుస్తాయి. ఆ రోజు మీకు మందు ఆపేయాలనిపిస్తుంది, గది తలుపు తీసేయాలనిపిస్తుంది. ఆపకండి. వెంట్రుక మొలిచినా ఫంగస్ ఉండవచ్చు. కల్చర్ మళ్లీ చేసి ఏమీ పెరగలేదని డాక్టరు చెప్పాకే తలుపు తీయాలి.

ఈలోగా మీలో ఎవరి చేతి మీదైనా, మెడ మీదైనా అంచు ఎర్రగా పొలుసు కట్టిన గుండ్రటి మచ్చ కనిపిస్తే చర్మం డాక్టరు దగ్గరకు వెళ్లండి. షాపులో అడిగి కొనుక్కునే మిశ్రమం క్రీములు వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపూ దురదా రెండు రోజుల్లో పోతాయి, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. మన దేశంలో కొన్నేళ్లుగా మొండి తామర పెరగడానికి ఆ క్రీములూ ఒక కారణమని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. ఆ మొండి తామర తెచ్చే ట్రైకోఫైటాన్ అనే ఫంగస్ రకానికి 2020లో మన దేశం పేరు కలిసేలా ఇండోటినియే అని పేరు పెట్టారు. అది ప్రధానంగా మనిషినుంచి మనిషికి, తువ్వాళ్లూ బట్టల ద్వారా వస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరికి మచ్చ వచ్చినా బొబ్బట్టే అంటించిందని నిందించకండి. ఇంట్లో తామర ఉన్న పిల్లి ఉందని మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఆయన పరీక్ష చేసి తేలుస్తారు.

కల్చర్ ఫలితం వచ్చిన రోజు నాకు ఫోన్ చేయండి.

మీ అమ్మమ్మ