అమరావతి శిల్పాల వెనుక ఒక సర్వేయరు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం నుంచి అమరావతి శిల్పాలను తిరిగి తెప్పించాలన్న మాట వచ్చినప్పుడల్లా మద్రాసులో పనిచేసిన ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ పేరు వినబడుతుంది. ఆయన 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పపు రాతి పలకలే 1859లో ఓడ ఎక్కాయి. అయితే అంతకు చాలా ముందే ఆ స్తూపాన్ని కొలిచి, బొమ్మలు గీయించిన కాలిన్ మెకంజీని వదిలేస్తే ఈ చరిత్ర సగమే తెలుస్తుంది.

స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. నైజాం రాజ్యంలోనూ, టిప్పు పతనం తర్వాత మైసూరులోనూ సర్వేలు చేసి, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ కాలపు సైనిక ఇంజనీరుకు చిత్రలేఖనం విద్యలో భాగమే అయినా, మెకంజీ చూపు కోటగోడల దగ్గర ఆగలేదు; గుళ్లూ శాసనాలూ వీరగల్లులూ (వీరుల స్మారక శిలలు) ఆయన కాగితాలకెక్కాయి. ఆయన సహాయకుడైన ఏలూరు ప్రాంతపు కావలి వెంకట బొర్రయ్య, 1803లో బొర్రయ్య చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య తోడు లేకపోతే ఆ సేకరణ సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం. కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన స్థానిక కథనాలు, మనకు దక్కింది వారి వల్లనే.

అమరావతి దగ్గర పరిస్థితి వేరు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అక్కడికి మార్చుకుని కట్టడాలు మొదలుపెట్టినప్పుడు, దీపాలదిన్నె అని ఊరివాళ్లు పిలిచే స్తూపపు దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. 1790ల చివర్లో మెకంజీ తొలిసారి వచ్చి వెళ్లి, 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు గుంట కనిపించింది. పలకలు కొన్ని కొత్త కట్టడాల్లో చేరిపోయాయి.

మిగిలినదాన్ని ఆయన బృందం 1816, 1817ల్లో సర్వే పద్ధతిలోనే నమోదు చేసింది. స్తూపం పటం తయారైంది. శిల్పాల బొమ్మలు ఎనభైకి పైగా ఉన్నాయి. చాలావాటి మీద గీసిన మనిషి పేరు, తేదీ కనిపిస్తాయి, కొన్నింటి మీద ఆ రాయి దిబ్బకు ఏ దిక్కున పడి ఉందో కూడా రాసి ఉంటుంది. పలక విరిగితే విరిగినట్టే గీశారు. అందానికి పూరించి గీయాలన్న ఆశను అణచుకున్న ఆ నిగ్రహమే నా దృష్టిలో వాటి గొప్పతనం, ఎందుకంటే అప్పుడు గీసిన రాళ్లలో కొన్ని ఆ తర్వాత మాయమై, నేడు బొమ్మల్లోనే మిగిలాయి.

స్తూపం జైనులదని మెకంజీ భావించడం పొరపాటే; అది బౌద్ధుల స్తూపమని తర్వాతి పండితులు తేల్చారు. కానీ ఆ వ్యాఖ్య తప్పినా కొలతలు చెడలేదు.

1821లో మెకంజీ మరణించాక కంపెనీ ఆయన సేకరణను భార్య నుంచి లక్ష రూపాయలకు కొన్నది. కైఫీయతులలో చాలా భాగం మద్రాసులో మిగిలిపోయి శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. అమరావతి బొమ్మల సంపుటం మాత్రం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఏ పలక స్తూపంలో ఎక్కడిదో నిర్ణయించడానికి పండితులు నేటికీ దాన్నే తెరుస్తున్నారు కనుక, రాళ్లను అడిగేవారు ఆ సంపుటం పూర్తి ప్రతిని కూడా అడగడం న్యాయం.