బుజ్జి కట్టిన ట్యూనూ, హవానాలో ఒక నాన్న అడిగిన మాటా

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఆదివారం మీరు గుంటూరు బస్సెక్కాక ఇల్లు బోసిపోయింది. నాకైతే ఒకటే ఆలోచన. బుజ్జి కీబోర్డు మీద సొంతంగా కట్టిన ట్యూన్ వాయించిందా, మీ మావయ్య మజ్జిగ గ్లాసు పట్టుకుని విని "బానే ఉందే కానీ ఎక్కడో విన్నట్టుందే" అన్నాడా, అంతే, పిల్ల కవరు కప్పేసి వెళ్ళి మంచమ్మీద గోడ వైపు తిరిగి పడుకుంది. రికార్డింగు కూడా ఫోన్లోంచి తీసేసిందని రాత్రి మీ అమ్మ చెప్పింది. నిజం చెప్పమంటావా బుజ్జీ, నాకూ ఎక్కడో విన్నట్టే అనిపించింది, కాకపోతే నేను నోరు మూసుకున్నా, వాడు మూసుకోలేదు. ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నా, చిన్నోడికి కూడా చదివి వినిపించు.

తానియా లియోన్ అని ఒకావిడ ఉంది. క్యూబా దేశపు మనిషి, అమెరికా వెళ్ళి స్థిరపడి ఆర్కెస్ట్రాలకి సంగీతం రాసే పెద్ద కంపోజర్ అయింది. ఆవిడకి కూడా ఇంచుమించు నీకు జరిగిందే జరిగింది, కాకపోతే అప్పటికి ఆవిడకి 36 ఏళ్ళు, ఆ మాట అన్నది మావయ్య కాదు, కన్నతండ్రి.

దేశం వదిలి వెళ్ళిన పన్నెండేళ్ళ తర్వాత 1979లో మొదటిసారి సొంతూరికి, అంటే హవానాకి, అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్ళింది. తను రాసిన సంగీతం నాన్నకి వినిపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, బాగుందన్నాడు, అని ఊరుకోకుండా "మరి ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అని అడిగాడు. ఆవిడ దగ్గర సమాధానం లేదు. తర్వాత కొన్నాళ్ళకే ఆ నాన్న పోయాడు. ఇంక ఆ ప్రశ్న ఎవరికి తిరిగి చెప్పాలి చెప్పు.

నాకు ఇది యూట్యూబులో విన్నప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. నేను వయొలిన్ ఎనిమిదేళ్ళు నేర్చుకున్నా, ఇదే సత్యనారాయణపురంలో, నోట్‌బుక్కులో రెండు స్వరజతులు కూడా నా సొంతవి రాసుకున్నా, మా నాన్న ఒక్కసారైనా అవేంటని అడిగితే ఒట్టు, భోజనం అయిందా అనేవాడు, అంతే. పెళ్ళయ్యాక వయొలిన్ అటకెక్కింది, దాని కథ ఇప్పుడొద్దులే.

ఆవిడ దగ్గరికొస్తా. పుట్టింది 1943 మే 14న. ఇంట్లో డబ్బున్న వాళ్ళు కాదు, వాళ్ళ అవ్వ చిన్నప్పుడే ఇళ్ళల్లో పనికి వెళ్ళిన మనిషి. ఆ అవ్వే కనిపెట్టింది ఈ పిల్లకి సంగీతం ఉందని, నాలుగేళ్ళప్పుడే చెయ్యి పట్టుకుని కన్సర్వేటరీకి, అంటే మన సంగీత కళాశాల లాంటి చోటికి, తీసుకెళ్ళి చేర్పించింది. ఐదేళ్ళకి తాతయ్య పియానో తెచ్చిపెట్టాడు. (అమ్మమ్మలూ తాతయ్యలూ లేకపోతే ఏ పనీ అవ్వదని నేను ఊరికే అనను.) తొమ్మిదేళ్ళప్పుడు పియానో టీచరు పారిస్ నుంచి ఈఫిల్ టవర్ బొమ్మున్న పోస్టుకార్డు పంపిస్తే, నేనక్కడికే వెళ్తా, పియానో వాయించి మిమ్మల్నందర్నీ చూసుకుంటా అని ఇంట్లో చెప్పేసిందట.

కానీ పారిస్ చేరలేదు. క్యూబాలో 1959లో విప్లవం వచ్చింది, కాస్ట్రో వచ్చాడు, అమెరికాకీ వాళ్ళకీ చెడింది. వెళ్ళిపోదామనుకునే వాళ్ళ కోసం 1965 నుంచి 1973 దాకా వరదేరో అనే చోటు నుంచి మయామీకి ప్రత్యేకంగా విమానాలు నడిపారు, వాటినే ఫ్రీడమ్ ఫ్లైట్స్ అంటారు, రెండున్నర లక్షల మంది పైనే అలా దాటారు. మన తానియా 1967 మే 29న అందులో ఎక్కింది, 24 ఏళ్ళు, ఒక్కతే. మయామీ నుంచి ఎలాగో పారిస్ పోవచ్చనుకుంది, పోలేక న్యూయార్క్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇంగ్లీషు సరిగ్గా రాదు. మీ పిన్ని డల్లాస్ వెళ్ళినప్పుడు రోజూ వీడియో కాల్‌లో ఏడ్చేది, దానికి ఇంగ్లీషూ వచ్చు, మొగుడూ ఉన్నాడు, ఫ్రిజ్ నిండా గోంగూర పచ్చడీ ఉంది. ఈవిడకి ఇంటికి తిరిగెళ్ళే దారే లేదు, తల్లినీ తండ్రినీ మళ్ళీ చూస్తానో లేదో తెలీదు. అలా పన్నెండేళ్ళు.

అక్కడ కాలేజీలో స్కాలర్‌షిప్ మీద చదువుకుంటూ ఉండగా ఒకరోజు స్నేహితురాలికి ఒంట్లో బాగోలేదు. ఆ పిల్ల న్యూయార్క్‌లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో డాన్సు క్లాసుకి పియానో వాయించేది, నా బదులు నువ్వెళ్ళవే అంది. ఈవిడ వెళ్ళింది. వాళ్ళు డాన్సు ప్రాక్టీసు చేస్తుంటే అప్పటికప్పుడు తోచింది వాయించుకుంటూ పోయింది. ఆ గదిలో ఆర్థర్ మిచెల్ ఉన్నాడు, న్యూయార్క్ సిటీ బ్యాలే అనే పెద్ద డాన్సు కంపెనీలో ప్రధాన నర్తకుడి స్థాయికెళ్ళిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. 1968 ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపాక, మా హార్లెమ్ పిల్లలకి ఏదో ఒకటి చెయ్యాలని పూనుకుని బ్యాలే బడి పెట్టే పనిలో ఉన్నాడు. నువ్వు మా దగ్గరే ఉండిపో అన్నాడు. 1969లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ మొదలైతే దానికి మొదటి మ్యూజిక్ డైరెక్టర్ ఈవిడే. కొన్నాళ్ళకి ఆయన, ఎవరెవరివో ఎందుకు వాయిస్తావు, నువ్వే ఒకటి రాయి, నేను స్టెప్పులు కడతా అన్నాడు. అప్పుడు రాసిందే టోన్స్ అనే బ్యాలే. పియానిస్టు కాస్తా అలా కంపోజర్ అయింది, అనుకుని కాదు సుమా, స్నేహితురాలికి జ్వరమొస్తే.

కండక్టర్, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి చేతిలో చిన్న పుల్లతో అందర్నీ నడిపించే మనిషి, అవడం కూడా అలాంటిదే. 1971లో ఇటలీలో స్పొలేటో ఉత్సవానికి వెళ్తే, ఆర్కెస్ట్రాని నువ్వే నడిపించు అని ముందుకు తోశారు, అప్పటిదాకా చేత్తో ఆ పుల్ల పట్టుకున్న మనిషి కాదు. నడిపించేసింది. వచ్చాక అప్పుడు పద్ధతిగా నేర్చుకుంది. మన దగ్గరైతే ముందు సర్టిఫికెట్టు చూపించమనేవాళ్ళు.

చిన్నోడా, నువ్వు మధ్యలో అడుగుతావని తెలుసు, కంపోజర్ అంటే ఏంటి, సినిమా మ్యూజిక్ డైరెక్టరా అని. కాదురా. మన కచేరీలో పాడేవాళ్ళు కీర్తన ఎత్తుకుంటే వయొలిన్ ఆయన వెనకాల అందుకుంటాడు, మృదంగం ఆయనకి ఇక్కడ ఈ దెబ్బ కొట్టు అని కాగితమ్మీద ఎవరూ రాసివ్వరు, ఆయన మనోధర్మం ఆయనది. అక్కడ అలా కాదు, ఎనభై తొంభై మంది కూర్చుంటారు, ఫ్లూటు దగ్గర్నుంచి పెద్ద డ్రమ్ము దాకా ఎవరు ఏ క్షణంలో ఏ స్వరం ఎంత గట్టిగా వాయించాలో అంతా రాసేది కంపోజరే. ఒక్క పేజీలో ఇరవై ముప్ఫై వరసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, అడ్డంగా చదివితే ఒకళ్ళ వాయింపు, నిలువుగా చదివితే ఆ క్షణంలో అందరిదీ. పది నిమిషాల సంగీతం రాయడానికి నెలలు పడుతుంది. అందుకే ఆ నాన్న ప్రశ్న అంత గుచ్చుకుంది. అన్ని వరసలూ తనే రాసింది, అన్నిట్లోనూ చదువు కనిపిస్తోంది, తను కనిపించట్లేదు.

ఆయన పోయాక చెల్లో కోసం నాలుగు భాగాల పీసు రాసింది, ఆయన జ్ఞాపకంగా. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్నయ్య, కాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయిస్తారు. అందులో ఒక భాగం పేరు మొంతూనో. క్యూబా పాటల్లో చివరికొచ్చేసరికి ఒక చిన్న వరస తిప్పి తిప్పి వాయిస్తుంటారు, దానిమీద ఒకళ్ళు అందుకుని పాడతారు, మన కోలాటంలో పల్లవి తిరుగుతుంటే పైన ఒకామె ఎత్తుకుంటుంది చూడు, అలా. దాన్ని మొంతూనో అంటారు. వీధిలో డాన్సు కోసం వాయించుకునేదాన్ని తెచ్చి, గౌను తొడుక్కుని కదలకుండా కూర్చుని వినే హాల్లో, ఒంటరి చెల్లోలో పెట్టింది.

ఇప్పుడు ఇద్దరూ చేతులు ఖాళీ చేసుకోండి. క్యూబా పాటల్లో చాలావాటికి లోపల ఒక ఎముక ఉంటుంది, దాని పేరు క్లావే. రెండు పొట్టి కర్రలు, కోలాటం కర్రల్ని సగానికి కోసినట్టుంటాయి, వాటితో కొడతారు. తకిట తకిట తకధిమి తక తకధిమి అనండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. ఎంతయింది? పదహారు. ఆది తాళంలో ఒక్కో దెబ్బకి నాలుగు అక్షరాలు లెక్కేస్తే సగం తాళానికి ఎంతో అంత! ఒక్కో ముక్క మొదటి అక్షరం మీదే చప్పట్లు కొట్టండి, మిగతాది లోపల్లోపల అనుకోండి. అయిదు దెబ్బలొస్తాయి. ఆపకుండా తిప్పండి. అదే క్లావే. నేను ఇది కనిపెట్టిన రోజు వంటింట్లో మినపపప్పు డబ్బా మీద కొట్టుకుంటూ కూర్చున్నా, మీ తాతయ్య వచ్చి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగారు.

ఇంకోటి బతా అని డ్రమ్ము. రెండు వైపులా తోలుంటుంది, మృదంగంలాగే ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారు, ఒక వైపు పెద్దది ఒక వైపు చిన్నది. మూడు డ్రమ్ములు కలిసి వాయించాలి, అన్నిట్లోకీ పెద్దదాని పేరు ఇయా, అంటే ఆఫ్రికాలోని యొరుబా భాషలో అమ్మ అని. ఆఫ్రికా నుంచి చెరకు తోటల్లో పనికి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ళు ఇవి గుండెల్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. క్యూబాలో బానిసత్వం పోయింది 1886లో, మరీ అంత పాతదేం కాదు. అదే చెరకు కోసం చైనా నుంచి కూలీల్ని తెచ్చారు, మన కోస్తా వాళ్ళని ఓడలెక్కించి మారిషస్ తీసుకెళ్ళినట్టే. తానియా ఒంట్లో ఆఫ్రికా రక్తం, స్పెయిన్ రక్తం, చైనా రక్తం, ఫ్రాన్స్ రక్తం అన్నీ ఉన్నాయి. బతా అనే పేరుతోనే 1985లో ఆర్కెస్ట్రాకి ఒక పీసు రాసింది. అలాగని ఆవిడ సంగీతం పెడితే హోటల్లో టూరిస్టుల ముందు వాయించే క్యూబా పాటలా ఉంటుందనుకోకండి, క్లావేని ముక్కలు చేసి ఇటో ముక్కా అటో ముక్కా దాచిపెడుతుంది, మొదటిసారి వింటే గందరగోళంగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది, మూడోసారికి దొరికింది.

అవార్డుల సంగతి త్వరగా చెప్పేస్తా, లేకపోతే మీ నాన్న పట్టించుకోడు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా వాళ్ళు, అమెరికా ఆడవాళ్ళకి ఓటొచ్చి నూరేళ్ళయిందని 19 మంది ఆడ కంపోజర్ల చేత కొత్త సంగీతం రాయించారు, ఆ ఓటు ఇచ్చింది రాజ్యాంగంలో 19వ సవరణ కాబట్టి 19 మంది. ఈవిడ రాసింది స్ట్రైడ్, పెద్ద పెద్ద అంగలేసి నడవడం అన్నమాట. ఓటు కోసం పోరాడిన సూజన్ బి. ఆంథనీ గురించి చదివి, కాదంటే వినని ఆ మనిషి నడక ఊహించుకుని ముందు పేరు పెట్టుకుంది, తర్వాత సంగీతం రాసింది. 2020 ఫిబ్రవరి 13న మొదటిసారి వాయించారు, పావుగంట ఉంటుంది, చివర్లో గంటలు మోగుతాయి. ఓటు 1920లో వచ్చినా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళు చాలామందికి నిజంగా వెయ్యనిచ్చింది 1965లో వచ్చిన ఓటు హక్కు చట్టం తర్వాతే, అదీ ఆవిడకి తెలుసు. మా అమ్మ 1952లోనే వేసొచ్చింది, సంతకం రాదు, వేలికి సిరా చూపించి మురిసిపోయేదట. స్ట్రైడ్‌కి 2021లో పులిట్జర్, అంటే అమెరికాలో పెద్ద ప్రైజు, వచ్చింది. సంగీతానికి ఆ ప్రైజు ఇవ్వడం మొదలెట్టింది 1943లో, ఈవిడ పుట్టిన ఏడే, ఒక ఆడమనిషికి మొదటిసారి ఇచ్చింది మాత్రం 1983లో, నలభై ఏళ్ళు పట్టింది వాళ్ళకి! ఈవిడకొచ్చేసరికి 78 ఏళ్ళు. మరుసటేడు కెన్నెడీ సెంటర్ అనే కళాకేంద్రం వాళ్ళు కూడా సత్కారం చేశారు.

ఇంతా చేసి, ఆడ కంపోజర్ అనీ నల్లజాతి కంపోజర్ అనీ అంటే ఆవిడకి నచ్చదు. కంపోజర్ని, అంతే అంటుంది. బుజ్జీ, నువ్వు కూడా ఆ మధ్య "లేడీ కంపోజర్లు ఉంటారా అమ్మమ్మా" అని అడిగావు, అప్పుడు నాకు పేరు తట్టలేదు, అందుకే ఇంత వెతికా.

మన సత్యనారాయణపురంలో తిరిగిన బాలమురళీకృష్ణ గారు కూడా నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టారు, ఇవేం రాగాలు, ఎక్కడా వినలేదే అని కొందరు సణిగారు. విన్నట్టుంటే ఒక తిట్టు, వినకపోతే ఒక తిట్టు. మీ మావయ్య అయితే రెండూ తిట్టగలడు.

ఇప్పుడు నీ ట్యూన్ సంగతి. మొదటి రెండు లైన్లూ సినిమా పాటే, ఒప్పుకో. కానీ మూడో లైన్లో ఒక చోట ఆగి, మళ్ళీ కింద నుంచి గబగబా ఎక్కావు, టకటక టకటక అని. అది నేను ఎక్కడా వినలేదు. వినలేదంటే పాటలో వినలేదు, రైల్లో విన్నా. గుంటూరు నుంచి వస్తుంటే కృష్ణ మీద బ్రిడ్జి ఎక్కగానే చప్పుడు మారుతుంది చూడు, నువ్వు ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుని వేళ్ళతో కొడుతుంటావు, అదే. నీకు తెలిసి పెట్టావో తెలీక పెట్టావో నాకు తెలీదు.

చిన్నోడా, డిలీట్ చేసినవి కూడా ఫోన్లో కొన్నాళ్ళు ఎక్కడో ఉంటాయని నువ్వే చెప్పావు ఒకసారి. అక్కకి తెలీకుండా తియ్యొద్దు, అడిగి తీసి నాకు వాట్సాప్ చెయ్యి. వచ్చే ఆదివారం బస్సులో కాదు, రైల్లో రండి. అటక మీద వయొలిన్ దింపించమని మీ మావయ్యకి చెప్పా, తీగలు తుప్పు పట్టుంటాయి, అవి మార్పించాలి, బిల్లు వాడిదే.

అమ్మమ్మ