1966 గెలుపు వెనక పదేళ్లు: టెక్సస్ వెస్టర్న్ కథ

మార్చి వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ గోలే. ఏ చిన్న కాలేజీ అయినా పెద్ద జట్టును ఇంటికి పంపితే చాలు, టెక్సస్ వెస్టర్న్ అనే కాలేజీ పేరు మళ్లీ వినిపిస్తుంది. 1966 మార్చి 19న మేరీలాండ్‌లోని కోల్ ఫీల్డ్ హౌస్‌లో ఆ జట్టు ఫైనల్లో కెంటకీ యూనివర్సిటీ జట్టును 72-65తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. ఒక జట్టు ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఫైనల్ మొదలుపెట్టడం అదే మొదటిసారి. అంతకు ముందు పదేళ్లలో ఏం జరిగిందో తెలియకపోతే మాత్రం ఆ గెలుపు ఆకాశంలోంచి ఊడిపడినట్టే కనిపిస్తుంది.

అప్పట్లో టెక్సస్ వెస్టర్న్ అని పిలిచిన ఆ కాలేజీ ఉన్నది టెక్సస్‌లోని ఎల్ పాసోలో. నది దాటితే మెక్సికో. 1914లో గనుల చదువు కోసం పెట్టిన కాలేజీ కాబట్టి జట్టుకు ‘మైనర్స్’ (గని కార్మికులు) అని పేరు. దక్షిణాదిలో చాలా కాలేజీలు నల్లజాతి విద్యార్థులను గడప తొక్కనివ్వని రోజుల్లోనే, 1956లో, ఇక్కడ చార్లీ బ్రౌన్ అనే నల్లజాతి ఆటగాడు జట్టులోకి వచ్చాడు. ఫైనల్‌కి సరిగ్గా పదేళ్ల ముందన్నమాట.

1961లో కోచ్‌గా వచ్చిన డాన్ హాస్కిన్స్ అప్పటిదాకా టెక్సస్‌లోని చిన్న ఊళ్లలో హైస్కూల్ పిల్లలకు ఆట నేర్పినవాడు. పేరు మోసిన కుర్రాళ్లు ఎల్ పాసో దాకా రారు. అందుకే పెద్ద కాలేజీలు వదిలేసిన వాళ్ల కోసం డెట్రాయిట్ వైపు, ఇండియానాలోని గ్యారీ, న్యూయార్క్ వైపు చూశాడు. 1966 జట్టులోని నల్లజాతి కుర్రాళ్లలో బాబీ జో హిల్ డెట్రాయిట్ పక్కనుంచి, ఆర్టిస్, ఫ్లోర్నాయ్ గ్యారీ నుంచి, షెడ్, వర్స్‌లీ, కేజర్ న్యూయార్క్ నుంచి అలా వచ్చినవాళ్లే. వాళ్లలో లాటిన్ ఒక్కడే టెక్సస్ కుర్రాడు, హ్యూస్టన్ వాడు.

1964లోనే ఈ జట్టు సత్తా కనిపించింది. ఆ ఏడాది జాతీయ టోర్నమెంట్‌లో కాన్సాస్ స్టేట్ మీద, తన ఆటగాడు జిమ్ బార్న్స్ ఫౌల్స్‌తో తొందరగా బయటికి వెళ్లిపోవాల్సి రావడంతో ఓడిపోయింది. అదే బార్న్స్‌ను ఆ ఏడాది ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగ్) కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు న్యూయార్క్ నిక్స్ తీసుకుంది.

ఆ రోజుల్లో కోచ్‌ల మధ్య ఎవరూ రాసి పెట్టని లెక్క ఒకటి నడిచేది. సొంత ఊళ్లో ఆడితే ఇద్దరు నల్లజాతి వాళ్లు చాలు, బయటికెళ్తే ముగ్గురు, ఓడిపోయేలా ఉంటే ఇంకొకరు. 1963లో షికాగోలోని లయోలా కాలేజీ నలుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టి టైటిల్ కొట్టింది. ఆ దారిలోనే లయోలాతో ఆడటానికి మిసిసిపీ స్టేట్ జట్టు, నల్లజాతి వాళ్లున్న జట్టుతో ఆడటానికి వెళ్లొద్దన్న కోర్టు ఉత్తర్వు చేతికందకుండా రాష్ట్రం దాటిపోవాల్సి వచ్చింది. ఆట ఆడటానికి దొంగచాటుగా పోవడం! 1966 కథ ఆ నేల మీద మొలిచిందే.

ఆ సీజన్ మొదట్లో ర్యాంకుల జాబితాలో టెక్సస్ వెస్టర్న్ పేరే లేదు. చివరికి 28 గెలుపులు, ఒక్క ఓటమి. ఆ ఒక్కటీ సియాటిల్ చేతిలో, రెండు పాయింట్ల తేడాతో. జాతీయ టోర్నమెంట్‌లో సిన్సినాటి మీద ఓవర్‌టైమ్ (స్కోరు సమమైతే ఆడే అదనపు ఆట) ఆడారు, కాన్సాస్ మీద రెండు ఓవర్‌టైమ్‌లు. మొదటి ఓవర్‌టైమ్ చివర్లో కాన్సాస్ ఆటగాడు జో జో వైట్ వేసిన బాల్ బుట్టలో పడింది కానీ, కాలు గీత మీద ఉందని రిఫరీ కొట్టేశాడు. చివరికి 81-80. అంత టెన్షన్ దాటుకుని ఫైనల్‌కి వచ్చారు.

ఎదురుగా నాలుగు టైటిళ్లు గెలిచిన కోచ్ అడాల్ఫ్ రప్, ఒక్క నల్లజాతి ఆటగాడూ లేని కెంటకీ జట్టు. కెంటకీ వాళ్లు పొడగరులు కారు, వేగమే వాళ్ల బలం. అందుకే హాస్కిన్స్ పొడవాటి షెడ్‌ను పక్కన కూర్చోబెట్టి ఐదడుగుల ఆరంగుళాల వర్స్‌లీని మొదటి ఐదుగురిలో దించాడు. రంగు గురించి జరిగిన చర్చంతా ఈ ఎత్తుగడను మింగేసిందని నాకనిపిస్తుంది. మొదటి సగంలో హిల్ కొన్ని సెకన్ల తేడాలో కెంటకీ ఆటగాళ్లు క్రాన్ చేతిలోంచి ఒకసారి, డాంపియర్ చేతిలోంచి ఇంకోసారి బాల్ లాక్కుని రెండుసార్లూ బాస్కెట్ చేశాడు. కెంటకీ తేరుకునే ప్రయత్నం చేసింది కానీ ఆట చేజారిపోయింది. లెక్క చూస్తే ఫీల్డ్ గోల్స్ (ఆట నడుస్తుండగా వేసిన బాస్కెట్లు) కెంటకీవే ఎక్కువ, 27కి 22. తేడా అంతా ఫ్రీ త్రోల్లోనే, అంటే ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే గీత దగ్గర నిలబడి వేసే షాట్లలోనే: టెక్సస్ వెస్టర్న్ 34 వేసి 28 సాధించింది, కెంటకీకి వచ్చింది 11. ఆ టెన్షన్లోనూ గీత దగ్గర ఈ కుర్రాళ్ల చేయి వణకలేదు. నల్లవాళ్లకు క్రమశిక్షణ ఉండదని అప్పట్లో కొందరు తేలిగ్గా మాట్లాడేవాళ్లు. వాళ్లకి ఈ అంకెలు చూపిస్తే చాలు.

పన్నెండు మంది జట్టులో ఆ రాత్రి ఆడింది నల్లజాతి వాళ్లు ఏడుగురే. సెమీఫైనల్లో యూటా జట్టు స్టార్ ఆటగాడు చేంబర్స్‌ను కాపలా కాసిన తెల్ల కుర్రాడు జెర్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫైనల్లో బెంచీ మీదే ఉన్నాడు. బాగా ఆడేవాళ్లను దించానే తప్ప ఇంకేం ఆలోచించలేదని హాస్కిన్స్ తర్వాత ఎప్పుడూ చెబుతూ వచ్చాడు. ఆయనకు ద్వేషం నిండిన ఉత్తరాలు మాత్రం కుప్పలుగా వచ్చాయి. రెండేళ్లకు, 1968లో, ఒక పెద్ద క్రీడాపత్రిక ఇదే కాలేజీ నల్లజాతి ఆటగాళ్లను ఆటకి వాడుకుని చదువు గాలికొదిలేసిందని రాసింది. గెలుపు గురించి మాట్లాడేటప్పుడు దీన్ని దాచడం న్యాయం కాదు.

దక్షిణాదిలో మార్పు నెమ్మదిగానే వచ్చింది. 1966లోనే వాండర్‌బిల్ట్‌లో చేరిన పెర్రీ వాలెస్, కెంటకీ ఆడే ఆగ్నేయ లీగ్‌లో 1967 చివర్లో మొదటి నల్లజాతి ఆటగాడిగా కోర్టులోకి దిగాడు. కెంటకీ తన మొదటి నల్లజాతి ఆటగాడు టామ్ పేన్‌ను 1969లో గానీ తీసుకోలేదు. టెక్సస్ వెస్టర్న్ జట్టుకు బాస్కెట్‌బాల్ గొప్పవాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2007లో. అప్పటికి బాబీ జో హిల్ చనిపోయి దాదాపు ఐదేళ్లయింది.