మంత్రి పదవి వదులుకున్న పాల్ ఒకాలిక్: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

ఈసారి మీకు పాల్ ఒకాలిక్ గురించి రాస్తున్నాను. కెనడాలో ఉత్తరపు కొసన, మంచు సముద్రం ఒడ్డున నునావుట్ అనే ప్రాంతం ఉంది. దాని మొదటి ప్రీమియర్ ఆయనే. మన ముఖ్యమంత్రి లాంటి పదవి అనుకోండి.

నునావుట్ మన దేశంలో సగానికంటే పెద్దది. 1999లో ఏర్పడేనాటికి జనం మాత్రం ముప్పై వేలు కూడా లేరు. మన దగ్గర ఒక్క మండలంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. అక్కడి జనంలో ఎక్కువమంది ఇన్యూట్ అనే ఆదివాసీ జాతివాళ్లు. తమ నేల మీద తమకు హక్కు కావాలని ఏళ్ల తరబడి చర్చలు జరిపి, 1993లో ఒప్పందం సాధించుకున్నారు. వాళ్ల తరఫున ఆ చర్చల్లో కూర్చున్నవాళ్లలో ఒకాలిక్ ఒకరు.

ఆయన 1964లో పాంగ్నిర్టంగ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. కుర్రతనంలో తాగుడుకు అలవాటుపడ్డారు, ఒక కేసులో జైలుకూ వెళ్లారు. తర్వాత తేరుకుని, పట్టుబట్టి లా చదివారు. 1999లో లాయరయ్యారు. అదే ఏడాది ఏప్రిల్ 1న, 34 ఏళ్లకే ప్రీమియర్ అయ్యారు.

అక్కడి శాసనసభ చూడముచ్చటగా ఉంటుంది. సభ్యులు గుండ్రంగా కూర్చుంటారు, కుర్చీలకు సీల్ అనే సముద్ర జంతువు చర్మం తొడుగు. సభ అధికార దండాన్ని నార్వాల్ అనే తిమింగలం దంతంతో చేశారు. పార్టీలు లేవు. అందరూ ఇండిపెండెంట్లుగా గెలిచి, రహస్య ఓటుతో తమలో ఒకరిని ప్రీమియర్‌గా ఎన్నుకుంటారు. అలా రెండుసార్లు ఒకాలిక్‌నే ఎన్నుకున్నారు. 2008లో ఆయన్ని కాదని ఈవా ఆరియాక్ అనే ఆవిడకు ఆ బాధ్యత అప్పగించారు.

నాకు ఆయనంటే గౌరవం కలిగింది మాత్రం 2016లో జరిగిన సంగతి వల్ల. అప్పుడాయన ఆరోగ్య మంత్రి. రాజధాని ఇకాలుయిట్‌లో బీరు, వైన్ అమ్మే దుకాణం తెరవాలని మంత్రివర్గం నిర్ణయించింది. అంతకుముందు ఏడాదే ఊరి జనం ఓటేసి, పెద్ద మెజారిటీతో సరేనన్నారు. దొంగచాటు మద్యం కంటే ఇదే మేలని చాలామంది వాదన. అందులోనూ నిజం లేకపోలేదు. కానీ తాగుడు నుంచి బయటపడాలనుకునేవాళ్లకు అప్పట్లో నునావుట్‌లో సరైన చికిత్సా కేంద్రమే లేదు. దూరాన కెనడా దక్షిణాదికి వెళ్లాల్సి వచ్చేది. ముందు కేంద్రం కట్టకుండా దుకాణం తెరవడం ఒకాలిక్‌కు నచ్చలేదు. మంత్రి పదవికి రాజీనామా చేసేశారు. తాగుడు బాధ ఎలాంటిదో స్వయంగా ఎరిగిన మనిషి అలా చేశారంటే, అది పంతం కాదు, మనసు ఒప్పుకోకపోవడమే అని నా నమ్మకం.

దుకాణం మాత్రం ఆగలేదు, 2017లో తెరిచారు. చికిత్సా కేంద్రం పని ఏళ్ల తరబడి నానింది. జనం ఓటును గౌరవించిన మంత్రివర్గానిది సబబా, వద్దన్న ఒకాలిక్‌దా? మీలో మీరు వాదించుకుని, ఎవరు ఏమన్నారో నాకు రాయండి.

మీ
తాతయ్య