నేను సంతకం పెట్టని కాగితం

చిట్టితల్లికీ, కన్నాకీ,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ పోట్లాడుకున్నాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అక్కేమో "అలాంటివాళ్లని వెంటనే ఉరి తీసెయ్యాలి అమ్మమ్మా, ఇన్నేళ్లు కోర్టులెందుకు" అంది. తమ్ముడేమో "చంపడం పాపమైతే, చంపినవాణ్ణి చంపడం మాత్రం పాపం కాదా" అన్నాడు. ఫోన్‌లో తేలే మాట కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

అక్కా, నీ కోపాన్ని నేను తప్పు పట్టను. నాకూ అంత కోపం వచ్చింది ఒకప్పుడు. 1993 మార్చి 8, ఇంకా తెల్లవారలేదు. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వచ్చే ఆర్టీసీ బస్సులో ఇద్దరు కుర్రాళ్లు పెట్రోలు చల్లి నిప్పంటించారు. ప్రయాణికుల్ని దోచుకోవాలని చేసిన పని అది. 23 మంది కాలిపోయారు. మీ అమ్మ అప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులిస్తే ఆ దారినే, రాత్రి బస్సులోనే వచ్చేది. ఆ రాత్రి తను బయల్దేరలేదని నాకు తెలుసు. అయినా సాయంత్రం దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. బళ్లో బోర్డు మీద అక్షరం కుదురుగా రాయలేకపోయాను. "వాళ్లని నలుగురిలో నిలబెట్టి ఉరి తియ్యాలి" అని స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా అన్నది నేనే.

కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష కూడా దొరకలేదు. 1997 మార్చిలో ఉరికి తేదీ పడింది.

ఆ రోజుల్లోనే నా పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. ఉరి ఆపమని కోరుతూ సంతకాలు సేకరిస్తున్నాడు. నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం, మడతల దగ్గర కాస్త మాసిపోయి ఉంది. కాఫీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. నేను తీసుకోలేదు. "నీకు పోతన భాగవతం పాఠం చెప్పింది నేనేరా. నిద్రపోతున్న పసివాళ్లని చంపిన అశ్వత్థామని ద్రౌపది ఏమడిగింది? 'నీ చేతులెట్లాడెనో' అనే కదా. నేనూ అదే అడుగుతున్నాను ఆ ఇద్దర్నీ" అన్నాను.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆ తర్వాతి పద్యం కూడా మీరే చెప్పారండీ టీచర్ గారూ" అన్నాడు.

ఆ తర్వాతి పద్యంలో ఏముందో చెబుతాను. ద్రౌపది కొడుకులు ఉపపాండవులు ఐదుగురూ చచ్చిపోయారు. అర్జునుడు అశ్వత్థామని కట్టేసి, ఈడ్చుకొచ్చి ఆమె ముందు పడేశాడు. అప్పుడు ద్రౌపది "నిన్నిలా కట్టి తెచ్చారని తెలిసి మీ అమ్మ ఎక్కడ ఎలా ఏడుస్తోందో" అంటుంది. వాడి తల్లి కృపి తనలాగా ఏడవకూడదని, వదిలెయ్యమని అడుగుతుంది. భీముడికి ఒళ్లు మండిపోతుంది. కొడుకుల్ని చంపినవాణ్ణి విడిచిపెట్టమంటోంది, వెర్రిది ద్రౌపది అంటాడు. మీరు చంపకపోతే నా పిడికిలితో వీడి తల పగలగొడతానంటాడు. అక్కా, నువ్వు ఫోన్‌లో మాట్లాడింది అచ్చంగా భీముడి మాటే. ఆ మాటకీ మన పురాణంలో చోటుంది. కృష్ణుడు కూడా ఆతతాయిని, అంటే ఘోరానికి ఒడిగట్టినవాణ్ణి, చంపాలి, బ్రాహ్మణుణ్ణి చంపకూడదు, రెండూ నేను చెప్పినవే అంటాడు. చివరికి అర్జునుడు వాడి తలమీది మణిని జుట్టుతో సహా కోసి, వెళ్లగొడతాడు.

ఇక్కడ నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. అశ్వత్థామ బతకడానికి ద్రౌపది దయ ఒక్కటే కారణం కాదు. వాడు గురువుగారి కొడుకు, పుట్టుకతో బ్రాహ్మణుడు. బస్సులో నిప్పు పెట్టిన కుర్రాళ్లు పేద దళితులు. చేసిన ఘోరం దాచలేనిది, అది వేరే. కానీ వాళ్ల వెనక ఏ గురుపుత్రత్వమూ లేదు. మన జైళ్లలో ఉరిశిక్ష పడి ఎదురుచూసేవాళ్లలో ఎక్కువమంది పేదవాళ్లే, మంచి లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లే.

కన్నా, ఇప్పుడు నీ ప్రశ్న. భారతం శాంతిపర్వంలో నీలాంటి కొడుకొకడు ఇదే ప్రశ్న తండ్రిని అడిగాడు. సావిత్రి భర్త సత్యవంతుడు, వాళ్ల నాన్న ద్యుమత్సేన మహారాజు. మరణశిక్ష పడినవాళ్లని తీసుకుపోతుంటే చూసి, దొంగని చంపితే వాడి భార్యనీ, తల్లినీ, తండ్రినీ, బిడ్డల్నీ చంపినట్టే కదా అంటాడు సత్యవంతుడు. చెడ్డవాడు మంచివాళ్ల సహవాసంతో మారొచ్చు, చెడ్డవాడికి మంచి బిడ్డలు పుట్టొచ్చు అంటాడు. తండ్రి కొట్టిపారెయ్యడు. పూర్వం ఛీ అంటే చాలేది, తర్వాత గట్టిగా తిట్టాల్సొచ్చింది, తర్వాత జరిమానాలు, ఇప్పుడు చంపినా మిగతావాళ్లు లొంగడం లేదు అని బాధపడతాడు. ఉరి ఉండాలనేవాళ్ల వాదనా, వద్దనేవాళ్ల వాదనా రెండూ ఆ తండ్రీకొడుకుల మాటల్లోనే ఉన్నాయి. నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి కూడా ఆ ఘట్టం రిటైరయ్యాకే చదివాను.

మాండవ్యుడి కథ మీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా? దొంగలు సొత్తు తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచారు. మౌనవ్రతంలో ఉన్న ముని నోరు విప్పలేదు. రాజు ఆయన్నీ కొరత వేయించాడు, అంటే కొర్రుకి గుచ్చించాడు. తర్వాత నిజం తెలిసి కాళ్ల మీద పడ్డాడు కానీ, దిగిన కొర్రు బయటికి రాలేదు. కోసెయ్యాల్సొచ్చింది, ముక్క ఒంట్లోనే ఉండిపోయింది. ఇది పాతకాలపు మాటేనా? మహారాష్ట్రలో సంచార తెగకు చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టు ఉరిశిక్ష వేసింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది. మాండవ్యుడిలాగే బతికుండగా తెలిసింది కాబట్టి సరిపోయింది. ఉరి అయిపోయాక తెలిస్తే ఎవరి కాళ్ల మీద పడతాం?

మీ స్నేహితుల ఇళ్లలోనూ ఈ మాట వస్తుంది కాబట్టి చెబుతున్నాను. ఖురాన్ ప్రాణానికి ప్రాణం అని హక్కు ఇస్తూనే, చనిపోయినవాళ్ల కుటుంబం క్షమించొచ్చని దారి కూడా తెరిచిపెట్టింది. ఒక్క ప్రాణం కాపాడితే మనుషులందర్నీ కాపాడినట్టే అన్నదీ ఆ గ్రంథమే. బైబిల్లో నరుని రక్తం చిందించినవాడి రక్తం నరుడే చిందిస్తాడన్న మాటుంది. రాళ్లతో కొట్టి చంపబోతున్న స్త్రీ ముందు నిలబడి, మీలో పాపం లేనివాడు మొదటి రాయి వెయ్యండి అన్న యేసూ ఉన్నాడు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ మరణశిక్ష ఏ సందర్భంలోనూ ఒప్పుకోదగింది కాదని క్యాథలిక్కుల బోధనలో మార్పు చేయించారు. మన దేశం అహింసని నమ్ముతుంది కాబట్టి ఉరిశిక్ష పూర్తిగా తీసెయ్యడమే సరైనదని 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో అంబేద్కర్ అన్నారు. అది జరగలేదు. అత్యంత అరుదైన కేసుల్లోనే వెయ్యాలని 1980లో సుప్రీంకోర్టు గీత గీసింది. ఏది అరుదైనదో తేల్చేది మళ్లీ మనుషులే.

బస్సు కేసులో ఆఖరి ఘడియల్లో ఉరి ఆగింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి లాంటివాళ్లు కూడా వాళ్ల కోసం గొంతు విప్పారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ వార్త పేపర్లో చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఊపిరి పీల్చుకున్నందుకు ఆ 23 మంది ఇళ్ల ముఖం చూడలేననిపించింది. వాళ్లలో ఒక తల్లి వచ్చి "నీ కూతురు ఆ బస్సులో ఉంటే ఇలాగే అంటావా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయినా ఉరి వద్దనే అంటాను. ఆవిడ ముందు తల వంచుకునే అంటాను.

ఆ కాగితం మీద మాత్రం నా సంతకం లేదు. వాడు మడిచి జేబులో పెట్టుకుని, చల్లారిన కాఫీ తాగేసి వెళ్లిపోయాడు.

ఈసారి సెలవులకి వచ్చేసరికి భాగవతం ప్రథమ స్కంధం తీసి పెడతాను. అక్క ద్రౌపది పద్యాలు చదవాలి. తమ్ముడు భీముడి పద్యం, గొంతెత్తి, కోపంగా చదవాలి.

మీ అమ్మమ్మ