పేగుల్లో చేరి రక్తంలోకి

“విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు, టైఫాయిడ్ అంటారేంటి సార్?” తిరుపతిలో జ్వరంతో క్లినిక్‌కు వచ్చినవాళ్లు తరచూ అడిగే మాట ఇది. అడగాల్సిన మాటే. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ కలుషితమైన నీళ్లతోనో తిండితోనో పేగుల్లోకే చేరుతుంది. కానీ అక్కడ ఆగదు.

చిన్నపేగు చివర పేయర్స్ ప్యాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపులుంటాయి. వాటి పైపొరను దాటి బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగుతుంది. చాలా సూక్ష్మజీవుల కథ అక్కడితో సరి. టైఫీ మాత్రం ఆ కణంలోనే బతికి పిల్లలు పెడుతుంది, పట్టుకున్న పోలీసు జీపులోనే దొంగ ఊరంతా తిరిగినట్టు. పైగా దాని ఒంటిమీద వీఐ అనే చక్కెర పూత ఉంటుంది. దానివల్ల పేగులో వాపు పెద్దగా రేగదు. విరేచనాలు కనిపించకపోవడానికి ఇదొక కారణం.

ఆ కణాల్లో దాక్కునే టైఫీ లింఫ్ నాళాల మీదుగా రక్తంలో కలిసి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లో చేరి పెరుగుతుంది. ఒకటి రెండు వారాలకు మళ్లీ రక్తంలోకి వచ్చినప్పుడే జ్వరం మొదలు. శ్రీవారి దర్శనానికి వచ్చి, దారిలో ఎక్కడో తాగిన నీళ్లు ఊరెళ్లిన పది రోజులకు జ్వరమైతే ఎవరికి గుర్తుంటుంది? డాక్టరు అడగకపోయినా ఆ ప్రయాణం గురించి చెప్పాలి.

పిత్తాశయం నుంచి పైత్యరసంతో బ్యాక్టీరియా తిరిగి పేగుకే వస్తుంది. వైద్యం అందకపోతే మూడో వారం ప్రాంతంలో పేగుకు చిల్లు పడొచ్చు. అప్పుడు పేగులోని మిగతా బ్యాక్టీరియా కూడా పేగు దాటి పొట్ట లోపలి ఖాళీలోకి, రక్తంలోకి చేరుతుంది. అది ప్రాణాంతకం.

రక్తంలో ఉన్న బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు పెద్దవాళ్ల దగ్గర ఒక్కో సీసాకు 8–10 మిల్లీలీటర్లు తీస్తే “ఇంత రక్తమా!” అని కంగారుపడతారు. ఒక మిల్లీలీటరులో ఒక్క టైఫీ కూడా దొరక్కపోవచ్చు, అందుకే అంత కావాలి. మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయోటిక్ మాత్రలు వేసుకున్నామా, ఆ కాసిన్నీ తగ్గిపోయి కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. రక్తంలో యాంటీబాడీలను వెతికే వైడాల్ పరీక్ష ఆ లోటు తీర్చదు, పాత ఇన్ఫెక్షన్‌కూ పాజిటివ్ చూపిస్తుంది. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు టైఫీ చాలావరకు లొంగడం లేదు కాబట్టి ఏ మందు పనిచేస్తుందో కల్చరే చెప్పాలి.

సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, బ్యాక్టీరియా కణాల లోపల ఉంది కదా. రెండో రోజే టెన్షన్ పడి డాక్టర్ని మార్చకండి. జ్వరం దిగాక కూడా కోర్సు పూర్తయ్యేదాకా మాత్రలు ఆపకండి.