పుట్టకు ప్రాణం ఉందా?

చిరంజీవులు సాకేత్‌కు, శ్రావ్యకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నాగుల చవితి నాడు చేను గట్టు మీది పుట్టలో పాలు పోసి వస్తున్నప్పుడు శ్రావ్య ఒక ప్రశ్న అడిగింది. "నిరుడు నా మోకాలి దాకా ఉన్న పుట్ట ఇప్పుడు నడుము దాకా పెరిగింది కదా తాతయ్యా, అయితే దానికీ ప్రాణం ఉన్నట్టేనా?" అన్నది. నాయనమ్మ పక్కనే ఉన్నందున అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాడినై ఉండి ఆ జవాబు బాకీ పెట్టుకోవడం నాకు నచ్చలేదు.

పెరిగేదల్లా ప్రాణి కాదు. చిక్కని చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే దాని చుట్టూ పటికబెల్లం పలుకులు రోజురోజుకూ లావెక్కుతాయి, కాని అది పైపైన పొర మీద పొర అంటుకోవడమే. మొక్కజొన్న మొక్క అలా కాక, నేల నుండి నీటిని, గాలి నుండి బొగ్గుపులుసు వాయువును తీసుకొని, ఎండ సాయంతో వాటిని తన ఒంటిగా మార్చుకొని, ఒక కణం రెండు కణాలవుతూ లోపలి నుండి పెరుగుతుంది. పుట్టది పటికబెల్లం దారి. మట్టిరేణువులను ఉమ్మితో తడిపి ఒక్కొక్కటే తెచ్చి అతికించేవి చెదపురుగులు. అవి వెళ్లిపోయిన పుట్ట వానకు కరిగితే తన గాయాన్ని తాను మాన్పుకోలేదు. పుట్టలో గాలి ఆడే మాట మాత్రం నిజం. పగలు ఎండకు పక్క గోడలు వేడెక్కి, రాత్రి అవే ముందుగా చల్లారడం వల్ల లోపలి గాలి పగటికీ రాత్రికీ దిశ మార్చుకుంటూ తిరుగుతుందని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అందుకు కొలతలు తీసింది బెంగళూరులోని పుట్టలలోనే. అయినా అది కొలిమితిత్తి ఆడటం వంటిదే తప్ప శ్వాస కాదు.

ఇక పుట్టలో ఉన్న ప్రాణుల సంగతి. "చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలు" అనే సామెతలో పాముల మాట సరైనదే. చీమల మాట దగ్గరే నాకు పేచీ. భూతద్దం కింద ఒక చీమను, ఒక చెదపురుగును పక్కపక్కన పెట్టి చూడండి. చీమకు నడుము నొక్కిపట్టినట్టు సన్నగా ఉంటుంది, మీసాలు మోచేయిలా మడిచి ఉంటాయి. చెదపురుగుకు నడుమన్నదే కనబడదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చీమ కందిరీగకు చుట్టం, చెదపురుగు బొద్దింకకు చుట్టం. చాలాకాలం చెదపురుగులకు విడిగా ఒక క్రమం, అంటే వర్గీకరణలో చుట్టాలైన ప్రాణుల పెద్ద గుంపు, ఉండేది; డీఎన్ఏ పోల్చి చూశాక, 2007 నాటి ఒక అధ్యయనం వాటిని బొద్దింకల క్రమంలోనే చేర్చాలని తేల్చింది. రూపాన్ని బట్టి కాక పుట్టుకను బట్టి చుట్టరికం నిర్ణయించడమే నేటి వర్గీకరణ.

పేర్లు పెట్టే పద్ధతి మనకు కొత్తగా అనిపించదు. స్వీడన్ దేశస్థుడు లినేయస్ ప్రతి ప్రాణికీ ముందు ప్రజాతి పేరు, తరువాత జాతి పేరు రాశాడు, మనం ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు రాసినట్టు. మన ప్రాంతంలో పుట్టలు పెట్టే ఒక చెదపురుగు పేరు ఒడాంటోటెర్మిస్ ఒబేసస్. అందులో ఒడాంటోటెర్మిస్ ఇంటిపేరు.

అయితే అదే లినేయస్ 1753లో పుట్టగొడుగులను మొక్కలలో కలిపేశాడు. నేల మీద నిలిచి కదలకుండా ఉండేదాన్ని మొక్క అనుకోవడం సహజమే, నేనూ చిన్నప్పుడు అలాగే చదువుకున్నాను. కాని పుట్టగొడుగులో పత్రహరితం లేదు, అది తన తిండి తాను వండుకోదు. దాని కణాల గోడలో ఉండే కైటిన్ ఎండ్రకాయ డిప్పలోనూ, చెదపురుగు ఒంటిమీదా ఉండే పదార్థమే. అమెరికా జీవశాస్త్రవేత్త విట్టేకర్ 1969లో పుట్టగొడుగులు, బూజులు వంటి శిలీంధ్రాలకు వేరే రాజ్యం, అంటే మొక్కలకు, జంతువులకు ఉన్నట్టే ఒక పెద్ద విభాగం, ఇచ్చాడు. ఆ తరువాత తేలిన విషయం ఇంకా వింత: శిలీంధ్రాలు మొక్కలకంటే జంతువులకే, అంటే మనకే, దగ్గరి బంధువులు.

పుట్టమీద లేచే గొడుగులను ఒక విధంగా చెదపురుగులే సాగు చేస్తాయి. అవి తిన్న ఎండుటాకులు, పుల్లలు సగం అరిగి బయటపడగా, వాటితో లోపల తేనెపట్టు వంటి దిమ్మలు కట్టి, వాటిమీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. పురుగులు అరిగించుకోలేని పీచును అది మెత్తబరుస్తుంది, అవి దాన్ని తింటాయి.

వానాకాలం సెలవు దొరికితే రండి. గొడుగు కాడ మట్టిలోకి సన్నగా సాగి ఆ దిమ్మ దాకా ఎలా వెళుతుందో వేళ్లతో మట్టి తీసి చూద్దాం. నేను చూడనిదే ఏ పుట్టగొడుగునూ నోట పెట్టకండి. పుట్టకు పలుగు మాత్రం తగలకూడదు, నాయనమ్మ ఊరుకోదు.

ఇట్లు,
మీ తాతయ్య